పద్యం తీసేసిన చోటు

కుసత్సు
ఐదో నెల, ఎడతెగని వాన

వదినకి ఓతొసే రాస్తున్నది.

నువ్వెలా ఉన్నావన్న పలకరింపు తర్వాత. ముందు నాకో జవాబు కావాలి. ఎడో నుంచి కాగితాల వర్తకుడొకాయన వచ్చి మా సత్రంలో దిగాడు. నిన్న భోజనాల దగ్గర ఆయన అన్న మాటతో నాకు ముద్ద దిగలేదు. “కందాలో యసోకిచి పెళ్లాం లేదూ, మొగుడు పోయాక చెక్కపలకలతో కాగితం మీద బొమ్మలద్దే పని తనే నడుపుతోంది. మా గురువుగారి అరవయ్యేళ్ల పండగ బొమ్మ ఈసారి ఆవిడే అద్దుతోంది” అన్నాడు. గురువుగారంటే ఇంకెవరు, సొరబుర్రే కదా! లోకానికి ఆయన హిసాగో నో నకామి, సొరబుర్రలోని సరుకు అని అర్థమట. నూనె వ్యాపారం చేసుకునేవాళ్లకి వేళాకోళం పద్యాలు రాయాలంటే అలాంటి పేర్లే కావాలి కాబోలు. వట్టి సొరబుర్ర అని పేరు కుదించింది నువ్వే.

వదినా, నీకు మతి పోయిందా? రెండేళ్ల కిందటి ఆ కొత్త సంవత్సరపు బొమ్మ సంగతి నేను గుర్తుచేయాలా? అది అంగట్లో అమ్మే సరుకు కాదు. కవుల జట్టు తమ కోసం తామే మంచి కాగితం మీద వేయించుకుని, స్నేహితులకి పంచుకునే బొమ్మ. రంగులద్దే పనివాడి పద్యానికి దాంట్లో చోటిచ్చారంటే అన్నయ్య ఎంత పొంగిపోయాడు! “మీ సత్రంలో గోడ మీద చోటు ఖాళీ చేసి పెట్టు చెల్లాయ్” అని నాకు కబురంపాడు. నేను ఖాళీ చేసి పెట్టాను కూడా.

చెక్క మీద పద్యం చెక్కడం కూడా అయిపోయాక, ఎండుచేపల వర్తకుడెవడో తనకీ చోటు కావాలన్నాడని, సొరబుర్ర అన్నయ్య పద్యాన్ని ఉలితో తీయించేశాడు. ఆ గుంటలో వేరే చెక్క బిగించి చేపలవాడి పద్యం చెక్కించాడు. ఆ బొమ్మలన్నీ ఎవరు అద్దారు? అన్నయ్యే! తన పద్యం లేని కాగితాలు తన చేత్తో తనే రుద్ది, ఆరబెట్టి, ఒక్క మరక లేకుండా ఇచ్చి వచ్చాడు. మంచు కరగకముందే మంచం పట్టాడు, మళ్లీ లేవలేదు. అన్నయ్యని అలా చేసినవాడి పండగ బొమ్మకి నువ్వు రంగులద్దుతున్నావా?

కోపం కాస్త దిగాక మళ్లీ కలం పట్టుకున్నాను. ఇక్కడ కబుర్లేమీ లేవు. పోయిన వారం ఎడో నుంచి ఓ షోకులమ్మ వచ్చింది. ముఖానికి దట్టంగా తెల్లపొడి పూసుకుని, ఎవరు చెప్పినా వినకుండా అలాగే మా వేడినీటి బుగ్గలో దిగింది. మా గంధకం ఆవిరి ఊరుకుంటుందా? పైకి వచ్చేసరికి ముఖం కుండ అడుగు. నవ్వలేక చచ్చాం. అన్నయ్య ఉంటే దీనిమీద పద్యం కట్టేవాడు.

జవాబు రాయి. రాయకపోతే నాకు వదినే లేదనుకుంటాను.

ఓతొసే


ఎడో, కందా
ఆరో నెల

ఓతొసేకి,

తిట్టావు, బాగా తిట్టావు. నీ చేతిరాత చూస్తే మీ అన్న ఎదురుగా కూర్చుని కసురుకున్నట్టే ఉంది. అవును, ఆ పని ఒప్పుకున్నాను. సొరబుర్ర నౌకరు వచ్చి అడిగితే, వంగి దణ్ణం పెట్టి మరీ ఒప్పుకున్నాను. ఎందుకని ఇప్పుడే అడగొద్దు. నేను అడిగినవాటికి మాత్రం జవాబు రాయి.

ఆ షోకులమ్మ పూసుకున్నది సీసపు పొడా, గుల్లల పొడా? నల్లబడటానికి నీళ్లలో మునగాలా, ఆవిరి తగిలితే చాలా? పెట్టెలో ఉన్న వస్తువుకి తగులుతుందా? మీ సత్రంలో ఆవిరి కాలువ మీద ఓ గది ఉందని, దాన్ని ఎవరికీ ఇవ్వరని మీ అన్న చెప్పేవాడు. అది ఇంకా ఉందా?

సొరబుర్ర తొమ్మిదో నెలలో మీ ఊరే వస్తున్నాడు, నీకు తెలిసే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల జట్లన్నీ కలిసి ఆయన్ని పద్యాలకి పెద్ద తీర్పరిగా ఎన్నుకుంటాయట. అక్కడ పంచడానికే ఈ బొమ్మ. నవ్వుల దేవుడు హోతేయి వేషంలో, బొజ్జ బయటపెట్టుకుని కూర్చున్న సొరబుర్ర. ముఖమూ బొజ్జా తెల్లగా మెరవాలని పదిసార్లు చెప్పించాడు. మెరుస్తాయి.

ఈ ఉత్తరం పొయ్యిలో వెయ్యి.

నీ వదిన ఓనుయి


కుసత్సు
ఏడో నెల

వదినా! నా వదినా!

కిందటి ఉత్తరంలో నేను రాసినవన్నీ వెనక్కి తీసుకున్నాను. చదువుతుంటే ఒళ్లంతా పులకరించింది. మా ఆయన చూసి, “ఏమిటే, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు, నిధి దొరికిందా?” అన్నాడు. దొరికిందన్నాను.

విను. ఆవిడ పూసుకున్నది సీసపు పొడే. గుల్లల పొడికి ఏమీ కాదు. మా వంటింటి గోడకి గుల్లల సున్నమే, ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. మునగక్కర్లేదు, ఆవిరి చాలు. పెట్టెకి సందులుంటే రెండు మూడు రోజుల్లో పని అయిపోతుంది. కాలువ మీద గది ఉంది. బొమ్మల పెట్టె అక్కడే పెట్టిస్తాను. “విలువైన సరుకు, తాళం ఉన్న గది అదొక్కటే” అంటాను. నమ్ముతాడు. పెద్దమనుషులు సత్రం ఆడదాని మాట నమ్మడానికి మొహం కూడా ఎత్తరు.

ఆ నల్లటి బొజ్జ చూసి జనం నోళ్లు నొక్కుకోవాలి. ఆయన తలెత్తుకోలేక కొండ దిగాలి. ఇక్కడ ఎవడూ ఆయన్ని తీర్పరి అనకూడదు. అదే నాకు కావాలి.

నీ మరదలు ఓతొసే


ఎడో, కందా
ఎనిమిదో నెల

ఓతొసేకి,

బొమ్మలు బయల్దేరాయి. సీసపు తెల్లరంగు నేనే నూరాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అద్దుతున్నంతసేపూ మీ అన్న కూర్చునే పీట మీదే కూర్చున్నాను. అందమైన పని, చూస్తే నువ్వే ముచ్చటపడతావు. సొరబుర్ర స్వయంగా చూసి, “యసోకిచి ఉన్నా ఇంత బాగా చేసేవాడు కాదు” అన్నాడు. నవ్వాను.

ఓనుయి


కుసత్సు
తొమ్మిదో నెల

వదినా,

ఎలా రాయాలో తెలియడం లేదు. మనం అనుకున్నదంతా జరిగింది, ఏమీ జరగలేదు కూడా.

సభ నాడు మా పెద్ద గది నిండిపోయింది. సొరబుర్ర ఎర్రటి టోపీ పెట్టుకుని మధ్యలో కూర్చున్నాడు. అరవై నిండితే మళ్లీ పసిపిల్లాడేగా. పెట్టె తెప్పించి మూత తీయించాడు. నేను సాకే మద్యం గిన్నెలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మొదటి బొమ్మ పైకి తీశారు. వదినా, కుండ మసి! ముఖం నలుపు, బొజ్జ నలుపు, పళ్లు మాత్రం తెలుపు.

సొరబుర్ర ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నవ్వాడు. “అరవయ్యేళ్లకి మళ్లీ పుట్టాను కదా, ఈసారి మా అమ్మ నన్ను పొయ్యి మీద పెట్టి పక్కింటికి కబుర్లకి వెళ్లినట్టుంది” అన్నాడు. అంతే, గది విరగబడింది! కళ్లనీళ్లు పెట్టుకుని, ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. నల్ల హోతేయి నాకంటే నాకని కొట్టుకున్నారు. “ఇలాంటివాడు కాకపోతే ఇంకెవరు తీర్పరి?” అని అప్పటికప్పుడే ఎన్నుకున్నారు. మనం ఆయన ముఖానికి పూసిన మసి ఆయనకి కిరీటమైంది.

వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. తర్వాత ఏం చేశానో నీకు చెప్పకుండా ఉండాలనుకున్నాను, ఉండలేను.

సాయంత్రం పద్యాల పోటీ. విషయం వసంతం రాక. వచ్చే కొత్త సంవత్సరపు బొమ్మకి అక్కడే ఏరతారు. నీకు తెలుసుగా పద్ధతి: అందరూ చీటీలు వేస్తారు, లేఖరి అన్నిటినీ ఒకే చేతిరాతలో పేర్లు లేకుండా తిరగరాస్తాడు, తీర్పరి తీర్పు చెప్పాకే పేర్లు చదువుతారు. గిన్నెలు సర్దుతూ నేనూ ఓ చీటీ వేశాను. అన్నయ్య పద్యం, ఉలితో తీయించేసిన ఆ పద్యమే:

వసంత దేవత
మా గడపదాకా వచ్చి
నా వేళ్ల రంగులు చూసి
“ఓహో, ఈ ఇంటికి ఇదివరకే వచ్చిపోయానే” అనుకుని
పక్కింటికి వెళ్లిపోయింది

సొరబుర్ర చదివాడు. మళ్లీ చదివాడు. పైకి చదువుతూ తొడ చరుచుకున్నాడు. దీన్ని మించింది లేదని మొదటి స్థానం వేశాడు. లేఖరి పేరు చదివాడు, “సురికిరే, ఎడోలో కందా” అని. అన్నయ్య కవి పేరు వదినా, అరిగిపోయినవాడని తనకి తనే పెట్టుకున్నాడే, అదే. సొరబుర్ర ముఖంలో రంగు పోయింది. పోయి, తిరిగి వచ్చింది. “పోయిన నా మిత్రుడు. ఈ చోటు అతనికి ఇవ్వాలనే ఇన్నాళ్లూ చూస్తున్నాను” అని కళ్లు తుడుచుకున్నాడు. గదిలో అందరూ ముక్కు చీదారు. ఎంత గొప్ప మనసు అన్నారు.

కానీ వదినా, మొదటి స్థానం వచ్చిన పద్యం తీర్పరి పద్యం పక్కనే అచ్చవ్వాలి. అది మాత్రం ఆయన కూడా తప్పించుకోలేడు. అన్నయ్య పద్యం వస్తోంది!

ఓతొసే


ఎడో, కందా
పదో నెల

ఓతొసేకి,

నీ ఉత్తరం చదివి నేనూ ఏడ్చాను. కానీ ఏడుపు ఆగాక ఒక ప్రశ్న మిగిలింది. తను తీయించేసిన పద్యాన్ని గుర్తుపట్టకుండా మొదటి స్థానం ఎలా వేశాడు?

రెండేళ్లుగా నేనేమనుకున్నానో తెలుసా? మీ అన్న పద్యం తన పద్యాన్ని మించిందని సొరబుర్రకి కన్ను కుట్టిందనుకున్నాను. పడుకుంటే అదే, లేస్తే అదే. అసూయపడే శత్రువంటే అదీ ఓ గౌరవమే.

నిన్న ఆయనే వచ్చాడు. బొమ్మలు నల్లబడింది మీ ఊరి గాలికేనట, నా మీద అనుమానమే లేదు. కొత్త బొమ్మ నేనే అద్దాలట, భర్త పద్యం భార్య చేతిమీదుగా రావడం అందంగా ఉంటుందట. కూర్చోబెట్టి సాకే పోశాను. చాలా వినయంగా, “అయ్యగారూ, ఆ రోజు తీయించేశారు కదా. అప్పుడు పద్యంలో చంద్రుడి మాట మీకు నచ్చలేదని మా ఆయన అనుకునేవాడు, నిజమేనా?” అన్నాను.

“అదే, అదే!” అన్నాడు. “చంద్రుడు అక్కడ అతకలేదమ్మా. తర్వాత బాగా దిద్దుకున్నాడు. నేర్చుకునే గుణం ఉన్నవాడు.”

ఓతొసే, ఆ పద్యంలో చంద్రుడెప్పుడూ లేడు! ఒక్క అక్షరం కూడా మారలేదు. ఆయన దాన్ని చదవనే లేదు. అసూయ లేదు, పగ లేదు, ఏమీ లేదు. చేపలవాడికి చోటు కావాలి, అంచున ఉన్నది ఏదో చూపించాడు, పొగాకు గొట్టం చివరతో చూపించి ఉంటాడు. దానికి మీ అన్న ప్రాణం పోయింది.

గిన్నె మళ్లీ నింపాను. తాగి, దీవించి వెళ్లాడు. సంవత్సరం చివరి సభలో మచ్చుకాగితం చూపించడానికి నన్ను రమ్మన్నాడు. వెళ్తాను.

ఓనుయి


కొండ కింది ఊరు
పదకొండో నెల, మంచు

వదినా,

చలికాలానికి బుగ్గలు మూసి అందరం కిందికి దిగాం. సభ రోజులోపు ఈ ఉత్తరం నీకు చేరాలి.

నీ పళ్లు నూరుడు ఇక్కడికి వినిపిస్తోంది. సభలో నువ్వేం చేయబోతున్నావో నాకు తెలుసు. వద్దు. కాళ్లు పట్టుకుంటాను, వద్దు. నోరు మూసుకుని బొమ్మ అద్దు. ఆయన చదివితే ఏమిటి, చదవకపోతే ఏమిటి? గొప్ప మనసున్నవాడని నలుగురూ మెచ్చుకుంటే మెచ్చుకోనీ. ఆ కాగితం మీద అన్నయ్య పద్యం ఉంటుంది. మనం పోయాక కూడా ఎవరో ఒకరు పెట్టె తీసి చదివి నవ్వుతారు. అన్నయ్యకి కావాల్సింది అదొక్కటే. సొరబుర్ర నాశనం కావాలని అన్నయ్య ఎన్నడూ కోరలేదు. అది మన కోరిక.

నాకూ కక్ష ఉంది. బొమ్మల పెట్టె ఆవిరి మీద పెట్టించింది నేనే. కానీ ఇప్పుడు అన్నయ్య పద్యం గడపదాకా వచ్చింది. దాన్ని వెళ్లగొట్టకు.

ఓతొసే


ఎడో, కందా
పన్నెండో నెల

ఓతొసేకి,

నీ ఉత్తరం సభకి ముందే అందింది. రెండుసార్లు చదివాను. అయినా వెళ్లాను.

రియోగోకు వంతెన పక్కన, భోజనశాల మేడ మీద సభ. జట్టంతా ఉంది. పలకలు చెక్కే తాత కూడా వచ్చాడు, అప్పుడూ ఇప్పుడూ పద్యం చెక్కింది ఆయనే. మచ్చుకాగితం చేతులు మారుతుంటే అందరూ ఆహా ఓహో అన్నారు. నాకు పనివాళ్ల వరసలో కాకుండా ముందు చాప వేశారు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం మీద మీ అన్న పేరు అంత అందంగా ఉంది.

అప్పుడు సొరబుర్ర లేచాడు. “ఈ పద్యాన్ని ఒకప్పుడు నేనే వెనక్కి పంపాను. చంద్రుడి మాట అతకలేదు. ఆ కాఠిన్యమే ఇవాళ ఈ పువ్వు పూయించింది” అన్నాడు. మీ అన్న చావు కూడా తన పాఠమేనట!

“చంద్రుడున్న ఆ పాత పద్యం ఓసారి వినిపిస్తారా అయ్యగారూ?” అన్నాను.

గిన్నె అందుకుని తాగబోయాడు. నేను తాత వైపు తిరిగాను. “నువ్వు చెప్పు తాతా. అప్పుడు నువ్వు చెక్కిన పద్యంలో చంద్రుడున్నాడా?”

“ఎక్కడి చంద్రుడమ్మా! ఇదే పద్యం, ఇవే అక్షరాలు. ఉలితో తీసింది నేనే కదా, నాకు తెలీదా?” అన్నాడు తాత.

“అంటే ఈయన అప్పుడు చదవనే లేదు” అన్నాను. గట్టిగానే అన్నాను.

ఇక చూడాలి. మీ సత్రంలో దిగిన కాగితాల వర్తకుడే ముందు లేచాడు. “నా కప్ప పద్యం మూడేళ్లు వరసగా తీసేశారు. కప్పకి గాంభీర్యం లేదన్నారు. అది చదివే అన్నారా?” అన్నాడు. వెనకనుంచి ఇంకొకడు, “నా మంచు పద్యమో?” మరొకడు, “మా నాన్న చివరి పద్యం తీసేశావే, అది చదివావా లేదా చెప్పు!” తీసేయించుకున్న ప్రతివాడూ లేచాడు. ఆ గదిలో తీసేయించుకోనివాడు లేడు ఓతొసే.

సొరబుర్ర నవ్వించబోయాడు. “బుర్ర నిండాలంటే ముందు ఖాళీ ఉండాలి కదా” అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. అంత నిశ్శబ్దం నేను జన్మలో వినలేదు. ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ఎర్రబడ్డ ముఖంతో మెట్లు దిగిపోయాడు. చెప్పులు వెతికిచ్చేవాడు కూడా లేడు.

జట్టు చీలిపోయింది. సగం మంది వేరే గురువు దగ్గరికి వెళ్లారు, మిగతావాళ్లు ఇళ్లకి. కుసత్సులో ఎన్నుకున్న ఊళ్లవాళ్లు కూడా తీర్పరి పదవి వెనక్కి తీసుకున్నారట.

కొత్త సంవత్సరపు బొమ్మ లేదు. వేయించేవాళ్లే లేరు.

ఓనుయి


కొండ కింది ఊరు
మొదటి నెల

వదినకి,

సొరబుర్ర మా అన్నయ్య పద్యాన్ని చదవకుండా తీయించేశాడు. నువ్వు చదివి, నోటికి వచ్చి, తెలిసి తెలిసి తీయించేశావు.

నీకు కావాల్సింది దొరికింది. అన్నయ్యకి దొరకలేదు. సత్రానికి తిరిగి వెళ్లాక గోడ మీద ఖాళీ చేసిన చోట గొడుగు తగిలిస్తానన్నాడు మా ఆయన, నేను ఊరుకున్నాను.

ఇక నాకు రాయకు.

ఓతొసే


ఎడో, కందా
రెండో నెల

ఓతొసేకి,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను.

తాత దగ్గరికి వెళ్లాను. పలకలు ఉంటే కొనుక్కుని, నేనే ఓ కాగితం అద్ది నీకు పంపుదామనుకున్నాను. ఎప్పుడో చిత్రిక పట్టేశాడు. అదే చెక్క మీద మిఠాయి కొట్టువాళ్ల కాగితం చెక్కుతున్నాడు. మంచి చెర్రీ చెక్క, ఎందుకు వదులుకుంటాడు? నువ్వు తిట్టింది నిజమని అక్కడే తెలిసింది. నాకు బాధగా ఉంది. అయినా మళ్లీ ఆ మేడ ఎక్కితే మళ్లీ అదే చేస్తాను, నీకు అబద్ధం చెప్పను.

నిన్న సొరబుర్ర వీధిలో ఎదురుపడ్డాడు. చిక్కిపోయాడు. పక్కన నౌకరు లేడు. తప్పుకుని పోతాడనుకున్నాను. పోలేదు. మట్టిలో ఆగి, తల వంచి, మీ అన్న పద్యం మొత్తం అప్పజెప్పాడు. గడపా, వేళ్ల రంగులూ, పక్కిల్లూ, ఒక్క తప్పు లేదు. “రోజూ చదువుకుంటున్నానమ్మా. ఇప్పుడు తెలుస్తోంది, ఎంత మంచి పద్యమో” అన్నాడు. నిజంగానే అన్నాడు, కళ్లు చూస్తే తెలిసింది.

చాచి కొడదామన్నా చెయ్యి లేవలేదు. కుసత్సులో విన్నవాళ్లు ఈపాటికి మర్చిపోయే ఉంటారు. మచ్చుకాగితం సభ గొడవలో కాళ్ల కింద చిరిగిపోయింది, అచ్చులో ఇంకెక్కడా లేదు. నువ్వూ నేనూ పోతే మీ అన్న పద్యం బతికేది ఇక ఆ ఒక్కడి నోట్లోనే.

అదే నేను భరించలేకపోతున్నాను ఓతొసే. ఆయన నాకన్నా ముందు పోకూడదని దేవుడికి మొక్కుకుంటున్నాను.

ఓనుయి